అత్తా, నేనూ, నాలుగు గొట్టాలూ

ఆ రోజుల్లో మా బెంగళూరులో ఎవరికి ఏ సరదా పుట్టినా నేర్పడానికి ఒక క్లాసు సిద్ధంగా ఉండేది. కొండలెక్కడం అపార్టుమెంటు గోడ మీద నేర్పేవారు. గుర్రపుస్వారీ రింగురోడ్డు పక్కన ఖాళీ సైటులో నేర్పేవారు. సముద్రం అడుగున చేపలతో పాటు తిరగడం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఈతకొలనులో నేర్పేవారు. మా ఊరికీ సముద్రానికీ మధ్య ఒక రాత్రి బస్సు ప్రయాణమూ, ఒక ఘాట్ రోడ్డూ, రెండు వాంతులూ ఉన్నాయన్న సంగతి నేర్పేవారికీ పట్టేది కాదు, నేర్చుకునేవారికీ పట్టేది కాదు. నేను అప్పుడే కుందలహళ్ళిలో ఒక కంపెనీలో చేరాను. జీతం కొత్త, మెడలో ఐడీ కార్డు కొత్త, వాటితోపాటు వచ్చిన ధైర్యం మరీ కొత్త. మా టీమంతా సముద్రానికి పోదామని తీర్మానించారు. కొలనులో శిక్షణ పూర్తి చేసినవాళ్లు నీళ్లలోకి దిగుతారు, మిగిలినవాళ్లు పడవలో కూర్చుని సామాను చూసుకుంటారు. సామాను చూసుకోవడంలో నాకు చాలా అనుభవం ఉంది. బళ్లో పిక్నిక్ నుంచి కాలేజీ టూరు దాకా అందరి బ్యాగులూ నా ఒళ్లోనే ఉండేవి ("నువ్వయితే జాగ్రత్తగా చూసుకుంటావు" అనేవారు. అది పొగడ్త అని చాలాకాలం నమ్మాను). ఈసారి మాత్రం బ్యాగులు ఇంకెవరి ఒళ్లోనన్నా పెట్టి నేను దిగాలని గట్టిగా అనుకుని డబ్బు కట్టేశాను.

ఇంట్లో చెప్పినప్పుడు మా నాన్న భోజనం ఆపి నా వైపు చూశాడు. మాది పాత బెంగళూరు సంసారం. బళేపేటలో కుట్టు సామాను అంగడి: గుండీలు, జిప్పులు, లేసులు, ఎలాస్టిక్, పిన్నులు, వంద రకాల కొక్కేలు. నాన్నకి నీళ్లంటే బిందెలో ఉండేవి, లేకపోతే కొళాయిలో రానివి. "ఆడపిల్లను ఒంటిగా నీళ్లలోకి పంపేది కుదరదు పాపా. పోతే మీ అత్తను తోడు పిలుచుకుపో" అన్నాడు. అత్తంటే నాన్నకి అక్క. పెళ్లి చేసుకోలేదు. అంగడిలో గల్లా దగ్గర కూర్చునేది ఆమే, ఇంట్లో తాళాలు దోపుకునేదీ ఆమే, ఎవరికి ఎక్కడికి తోడు కావాలన్నా పోయేదీ ఆమే. ఆసుపత్రికి తోడు, పెళ్లిచూపులకి తోడు, ఇంటర్వ్యూకి తోడు. అప్పటికి యాభై నిండాయి. "దానికేమప్పా, పోతాను. ఈడ గుండీలు లెక్కపెట్టేది, ఆడ కూర్చునేది, రెండూ కూర్చునే పనే కదా" అంది.

మొదటి శనివారం అత్త చిత్రాన్నం డబ్బాతో కొలను గట్టున బెంచీ మీద కూర్చుంది. నన్ను మాత్రం కోచ్‌గారు వరుసలో నిలబెట్టి వీపుకి ఒక సిలిండర్ తగిలించారు. దానికి నాలుగు గొట్టాలు. ఒకటి నోట్లో పెట్టుకుని గాలి పీల్చడానికి. పసుపురంగుది ఇంకొకటి, పక్కవాడి గాలి అయిపోతే వాడి నోటికి అందించడానికి. మూడోది పైన కోటులా వేసుకున్న జాకెట్‌లోకి గాలి నింపడానికి, అప్పుడు తేలతాం. నాలుగోదాని చివర గేజ్, అంటే సిలిండర్‌లో ఇంకెంత గాలి మిగిలిందో చూపే మీటరు. ఈ నాలుగింటినీ క్లిప్పులతో జాకెట్ రింగులకి తగిలించుకోవాలి. వదిలేస్తే అవి సముద్రం అడుగున రాళ్లకి రాసుకుంటాయి, పగిలిపోతాయి, అవసరానికి చేతికి దొరకవు. మా కోచ్‌గారికి ఇదే ప్రాణం. ఆయనది కోలారు వైపు. పాఠం ఇంగ్లీషులో మొదలుపెట్టేవారు, మెచ్చుకోలు కన్నడంలో, కోపం మాత్రం అచ్చంగా తెలుగులో. "నో డాంగ్లింగ్! నథింగ్ షుడ్ డాంగిల్!" అని, అంటే ఏదీ వేలాడకూడదని, గంటకి ఇరవైసార్లు అరిచేవారు కాబట్టి మేమంతా ఆయనకి డాంగ్లింగ్ మాస్టరు అని పేరు పెట్టుకున్నాం. ఆ మొదటిరోజు నేను క్లిప్పులు పెట్టాను. పెట్టాననే అనుకున్నాను. నాలుగడుగులు వేసేసరికి గేజ్ జారి నేలమీద టకటకమంటూ నా వెనకే వచ్చింది. నేను ఆగితే ఆగింది. ఎవరా అని తిరిగి చూస్తే, తిరగడంలో పసుపు గొట్టం కూడా ఊడి ముందున్నాయన మోకాలికి తగిలింది. డాంగ్లింగ్ మాస్టరు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమమ్మా ఇది, తోకనా? ఇంట్లోనుంచి తెచ్చుకున్నావా?" అన్నారు. బెంచీ మీదనుంచి అత్త నవ్వు వినిపించింది. ఆమె నవ్వితే బళేపేటలో ఎదురంగడి వాళ్లు కూడా లేచి చూసేవారు.

ఈ విద్యలో ఎవరూ ఒంటరిగా దిగకూడదు. ఇద్దరిద్దరు జత. నా జతగా పెట్టిన సాఫ్ట్‌వేర్ కుర్రాడికి రెండడుగుల లోతులోనే చెవి నొప్పి వచ్చి, పైకి లేచి, ఫోను చూసుకుంటూ వెళ్లి మళ్లీ రాలేదు. రెండో శనివారం మాస్టరు తలగోక్కున్నారు. జత లేకపోతే నన్ను దింపరట. నా కళ్లముందు అందరి బ్యాగులూ కనిపించాయి. అప్పుడు అత్త డబ్బా మూతపెట్టి లేచింది.

"నేనుండాను కదప్పా."

మాస్టరు ఆమె చీరని, జడని, చేతిసంచిని చూశారు. "అమ్మా, ఈత వస్తాదా మీకు?"

"బాగేపల్లి దగ్గర మా అవ్వోళ్ల బావిలో నేర్చినాను. గట్టుమీదనుంచి దూకితే అడుగున మన్ను పట్టుకుని పైకొచ్చేదాన్ని. నువ్వు పుట్టుండవులే అప్పటికి."

ఆయన ఆమెని కొలనులో ఈ చివరనుంచి ఆ చివరికి ఈదమన్నారు. పక్కన ఎవరో ఇచ్చిన నిండుచేతుల ఈతదుస్తులు వేసుకుని అత్త దిగింది. చప్పుడు లేకుండా వెళ్లింది, చప్పుడు లేకుండా తిరిగొచ్చింది, గట్టు పట్టుకుని, "ఇంతేనా? బావైతే ఇంకా చల్లగా ఉంటాది" అంది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. పుట్టినప్పటినుంచి ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నాను. ఆమెకి ఈత వచ్చునని నాకు తెలియదు. (ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే.) ఆటోలో ఇంటికొస్తూ, "మీ నాయనకి చెప్పేది వద్దు. సుమ్నే, ఊరికే భయపడతాడు. బెంచీ మీద కూర్చున్నానని చెప్పు. కొంచెంసేపు కూర్చున్నాను కదా, అది నిజమే" అంది.

అలా మేమిద్దరం జతయ్యాం. నీళ్లలో వేసుకునే నల్ల రబ్బరు సూటు అత్తకి ఎక్కించడం ఒక పండగ. దిండుకి చిన్న గలీబు తొడిగినట్టు ఇద్దరం చెరోవైపు లాగేవాళ్లం. ఎక్కాక ఆమె అద్దంలో చూసుకుని, "ముందు నుంచి చూస్తే పోలీసు మాదిరిగా ఉండాను" అని తృప్తిపడింది. నీళ్లలో మాటలుండవు, సైగలే. బొటనవేలు పైకి చూపిస్తే 'పైకి పోదాం' అని అర్థం. అంతా బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. అత్తకి నీటి అడుగున అంతా చాలా బాగుంది. అందుకని మాస్టరు ఎప్పుడు అడిగినా ఉత్సాహంగా బొటనవేలు చూపించేది, ఆయన ఎప్పటికప్పుడు ఆమెని పైకి తీసుకొచ్చేవారు. పైకొచ్చాక, "ఎందుకప్పా ఊరికే పైకి లాగతా ఉండావు? నాకు బాగుండాదని చెప్తే వినవే!" అని ఆయన్నే కోప్పడేది. మూడుసార్లు లాగాక ఆయనకి నవ్వాగలేదు.

నా గొట్టాల సంగతి మాత్రం బాగుపడలేదు. కొలనువాళ్లిచ్చిన ప్లాస్టిక్ క్లిప్పులు నా చేతిలో పడితే చాలు, ఊడేవి. డాంగ్లింగ్ మాస్టరు తోక, తోరణం, దిష్టిబొమ్మ అని రోజుకొక పేరు పెట్టేవారు. అది చూసి అత్తకి పౌరుషం వచ్చింది. "కొక్కేల అంగడి పెట్టుకుని కొక్కెం లేక మాటలు పడేదా!" అని ఒక శనివారం సంచినిండా సామాను తెచ్చింది. తాళంచెవుల కొక్కేలు, లంగాల ఎలాస్టిక్, కుక్కగొలుసుకి వాడే ఇత్తడి కొక్కెం, ఒక అట్ట నిండా పిన్నీసులు. చీరకొంగు పెట్టుకున్నంత తేలిగ్గా నా జాకెట్‌కి గేజ్ గొట్టాన్ని కలిపి పిన్నీసు గుచ్చబోతుంటే అవతలినుంచి మాస్టరు ఒక్క గెంతు గెంతారు. "అమ్మా! అమ్మా! దాంట్లో గాలి ఉండాదమ్మా! గుచ్చితే పాప అడుగున, గాలి పైన!" అత్త పిన్నీసు చూసింది, జాకెట్ చూసింది, నన్ను చూసింది. "అవునప్పా, ఇది బెలూను కదా" అని నెమ్మదిగా పిన్నీసు మూసి తన జడలో గుచ్చుకుంది. మిగిలిన కొక్కేలూ ఎలాస్టిక్కూ మాత్రం తిరిగి సంచిలో పెట్టలేదు, నా చేతికిచ్చింది. వాటి సంగతి మాస్టరు కూడా అడగలేదు.

పరీక్షరోజు వచ్చింది. అందులో ముఖ్యమైన అంశం ఒకటే. ఇద్దరూ అడుగున మోకాళ్లమీద కూర్చోవాలి. ఒకరు అరచేతిని గొంతు మీద అడ్డంగా ఆడించాలి, అంటే 'నా గాలి అయిపోయింది' అని. రెండోవారు తన పసుపు గొట్టం తీసి అందించాలి. అందుకున్నవాళ్లు దాన్ని పీలుస్తూ, ఇద్దరూ చేతులు పట్టుకుని పైకి రావాలి. అంతే. ఇది తప్పితే సముద్రం లేదు, పడవలో బ్యాగులే. ఆ ఉదయం నేను జాకెట్ వేసుకునేటప్పుడు ఈరోజు ఏదీ ఊడకూడదని నిర్ణయించుకున్నాను. గేజ్‌కి తాళంచెవుల కొక్కెం తగిలించాను. పసుపు గొట్టాన్ని కుక్కగొలుసు కొక్కేనికి బిగించి, చాలదేమోనని దానిమీద ఎలాస్టిక్ రెండు చుట్లు తిప్పి ముడివేశాను. అత్త లాగి చూసి, "కదల్లేదు, భేష్" అంది. మాస్టరు వరుసలో నడుస్తూ నా దగ్గర ఆగారు. ఏదీ వేలాడడంలేదు. మొదటిసారి ఆయన నా ముందునుంచి మాట్లాడకుండా వెళ్లారు. గర్వంతో నా మాస్కు అద్దం మసకబారింది.

అడుగున మోకాళ్లమీద కూర్చున్నాం. మాస్టరు సైగ చేశారు. అత్త నోటిలోది తీసేసి, అరచేతిని గొంతు మీద అద్భుతంగా ఆడించింది (నాటకంలో చివరి అంకంలాగా, కళ్లు కూడా పెద్దవి చేసింది). నేను పసుపు గొట్టం లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. జాకెట్టంతా కదిలింది కానీ గొట్టం రాలేదు. కొక్కెం నొక్కుదామంటే దాని మీద ఎలాస్టిక్. ఎలాస్టిక్ విప్పుదామంటే ముడి నేనే వేశాను, అదీ చాలా బాగా. అత్త నోటినుంచి చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి. ఒకసారి గొంతు మీద చెయ్యి ఆడించింది. నేను ముడి లాగుతున్నాను. రెండోసారి ఆడించింది, ఈసారి నాటకం లేకుండా. తర్వాత ఆమె ముఖంలోకి గల్లా దగ్గర బేరం ఆపేసేటప్పటి చూపు వచ్చింది. ముందుకి వంగి, చెయ్యి చాపి, నా నోట్లోది పీకి తన నోట్లో పెట్టుకుంది.

ఇప్పుడు గాలి లేనిది నాకు. ఎదురుగా అత్త హాయిగా నా గాలి పీలుస్తోంది. ఆమె వదిలేసిన గొట్టం ఆమె ఛాతీ ముందు తేలుతూ కనిపించింది. గబుక్కున దాన్ని పట్టుకుని నేను నోట్లో పెట్టుకున్నాను. గొట్టాలు అడ్డదిడ్డంగా పెనవేసుకుని, ఆమె నా సిలిండర్‌నుంచీ, నేను ఆమె సిలిండర్‌నుంచీ పీలుస్తూ ముక్కుకి ముక్కు ఆనించి కూర్చున్నాం. పక్కన మాస్కులో మాస్టరు కళ్లు ఎంత గుండ్రంగా ఉన్నాయో ఇప్పటికీ గుర్తుంది. ఆయన సున్నా చుట్టి 'బాగున్నారా' అని అడిగారు. ఇద్దరం సున్నాలు చుట్టాం. అది నిజమే, ఇద్దరం బాగానే ఉన్నాం. ఆయన నిస్సహాయంగా బొటనవేలు పైకి చూపించారు.

పైకొచ్చాక జాకెట్లలో గాలి నింపుకున్నాం. విడిపోదామంటే విడిపోలేకపోయాం. నా గేజ్‌కున్న తాళంచెవుల కొక్కెం, దేనికి తగిలితే దాన్ని పట్టుకునే రకం, అత్త జాకెట్ రింగుని పట్టుకుంది. జాకెట్లు ఉబ్బి పొట్టలు ఆనుకుపోయాయి, మధ్యలో కొక్కెం దగ్గరికి వేలు పోదు. మాస్టరు మమ్మల్ని లోతు తక్కువ వైపుకి ఈడ్చుకొస్తూ, "పైకి ఇద్దరూ వచ్చినారు, ఇద్దరూ ఊపిరి తీస్తా ఉండారు, అదొకటి మెచ్చుకోవాల. కానీ ఇది డైవింగ్ కాదమ్మా, పెళ్లి!" అంటున్నారు. గట్టుమీద మిగతా జతలన్నీ పడీపడీ నవ్వుతున్నాయి.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర మా నాన్న గొంతు వినిపించింది. అంగడి షట్టరు తాళంచెవి అత్త సంచిలో ఉండిపోయిందట, బళేపేటనుంచి ఆటోలో వచ్చాడు. బెంచీ దగ్గరికి వచ్చి చూశాడు. సంచి ఉంది. చిత్రాన్నం డబ్బా ఉంది. దాని పక్కన అత్త చీర, మడిచి పెట్టి ఉంది. అత్త లేదు.

"అక్కా?" అన్నాడు మొదట మామూలుగా. తర్వాత కొలనువైపు తిరిగి చీర చేతిలో పట్టుకుని, "అయ్యో, మా అక్క యాడ? ఎవరన్నా చూసినారా? నీళ్లలో పడిందేమో చూడండప్పా! ఆమెకి ఈత రాదు!" అని పెద్దగా కేక పెట్టాడు. ఎప్పుడూ బిగ్గరగా మాట్లాడని మనిషి. అందరి నవ్వూ ఒక్కసారి ఆగిపోయింది.

నల్లటి రబ్బరు ఆకారం ఒకటి మాస్కు నుదుటిమీదకి నెట్టుకుంది. "అరవొద్దురా చిన్నోడా. ఈడే ఉండాను."

నాన్న చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ అత్తని చూశాడు. "ఏమక్కా ఈ వేషం?" అన్నాడు, ఏడుపూ కోపమూ కానిదేదో గొంతుతో.

"తర్వాత చెప్తాను. చూస్తా ఉండావేమి, ఈ కొక్కెం తియ్యి. మన అంగడిదే, నీ చేతికి అలవాటే."

నాన్న చెప్పులు విడిచి, గట్టుమీద బోర్లాపడి చెయ్యి మా మధ్యకి దూర్చాడు. రెండు నిమిషాలు తడుముకున్నాక టక్కుమని శబ్దం వచ్చింది. అత్త రింగు వదిలింది. కొక్కెం నాన్న చొక్కా చేతిమడతని పట్టుకుంది. నా వీపున సిలిండర్ బరువుకి నేను వెనక్కి పడ్డాను. నాతోపాటు నాన్న కూడా, పూర్తి చేతుల చొక్కాతో, కళ్లజోడుతో, చేతిలో చీరతో వచ్చేశాడు.

"పోతా ఉండాను! అక్కా! పట్టుకో!" అని నీళ్లు కొడుతూ కేకలు వేశాడు. అత్త చంక కింద చెయ్యి వేసి పట్టుకుంది. డాంగ్లింగ్ మాస్టరు వంగి ఎంతో మర్యాదగా, "సార్, నిలబడండి. నీళ్లు నడుము దాకానే ఉండాయి" అన్నారు.

నాన్న నిలబడ్డాడు. నడుము దాకానే ఉన్నాయి. కళ్లజోడునుంచి నీళ్లు కారుతుండగా ఆయన అత్త ముఖం వైపు చాలాసేపు చూశాడు. "నీకు ఈత వస్తాదా?" అన్నాడు.

"వస్తాది."

"నాకెందుకు చెప్పలా?"

"నువ్వు పుట్టకముందు నేర్చింది. మళ్లీ దిగేదానికి ఎవరు పిలిచినారు?" అంది అత్త, మామూలుగానే, అతని చొక్కానుంచి కొక్కెం విప్పుతూ. నాన్న తడిసిన చీరవైపు చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. అత్త నవ్వులాగే ఉంది, కొంచెం చిన్న సైజు.

మాస్టరు మాకు ఇంకో అవకాశం ఇచ్చారు. ముందు నన్ను గట్టుమీద కూర్చోబెట్టి, కోపం లేకుండా, నెమ్మదిగా చూపించారు. గేజ్‌ని క్లిప్పు గట్టిగా పట్టుకుని ఉండాలి, కానీ దాని నోరు తనంతట తాను తెరుచుకునే రకం కాకూడదు. పసుపు గొట్టం మాత్రం ఒక్క లాగుకి చేతిలోకి రావాలి, అది మన కోసం కాదు, పక్కవాళ్ల కోసం. ఆయనే ఒక మెత్తటి రబ్బరు పిడి తెచ్చి నా జాకెట్‌కి అమర్చి, చాలాసార్లు లాగించారు. నాన్న తువ్వాలు ఒకటి చుట్టుకుని, చిత్రాన్నం తింటూ బెంచీ మీద కూర్చున్నాడు. మేం మళ్లీ దిగాం. అత్త మళ్లీ కళ్లు పెద్దవి చేసి గొంతు మీద చెయ్యి ఆడించింది. ఒక్క లాగుకి పసుపు గొట్టం వచ్చింది. చేతులు పట్టుకుని పైకొచ్చేసరికి నాన్న నోటినిండా అన్నంతో చప్పట్లు కొడుతున్నాడు. ఆ రోజు అంగడి తెరవలేదు. ఎవరికీ గుర్తు రాలేదు.

సముద్రానికి అత్త కూడా వచ్చింది. తోడుగా పంపుతున్నానని నాన్న అనలేదు, "అక్కా, నువ్వు పోయిరా" అన్నాడు. మా టీమువాళ్లు మొదట ఆంటీ అని పక్కన కూర్చోబెట్టారు, సాయంత్రానికి అందరూ ఆమె చుట్టూ చేరారు. నీటి అడుగున పసుపు చారల చేపలు గుంపుగా వచ్చి ఆమె ముఖం ముందు ఆగాయి. అత్త కదలకుండా ఉండిపోయింది. ఎంతసేపో. నేను భయపడి బాగున్నావా అని సైగ చేశాను. ఆమె నెమ్మదిగా, పొరపాటు లేకుండా, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టింది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. నేను ఇప్పుడు కంపెనీలో పెద్ద కుర్చీలో ఉన్నాను. ఆ కుర్చీ మంచిదే, నా నడుముకి మాత్రం పడదు. అత్త అరవై దాటాక కూడా ఏడాదికొకసారి ఎక్కడో ఒకచోట నీళ్లలో దిగుతూనే ఉంది, డాంగ్లింగ్ మాస్టరు ఆడవాళ్ల జట్టు ఒకటి తయారుచేశారు, అందులో అందరికన్నా పెద్దది ఆమే. పోయిన వారం ఫోన్ చేసి, "పాపా, అండమానుకు పోతా ఉండాము. ఒక సీటుండాది, వస్తావా?" అంది. నేను మీటింగులున్నాయన్నాను, పిల్లలకి పరీక్షలన్నాను, నడుం నొప్పి, చల్లనీళ్లు పడవు అన్నాను.

"పోనీలే. వయసైపోయింది నీకు" అంది అత్త ఎంతో జాలిగా, ఫోన్ పెట్టేసింది.

నేను ఒంటరిగా కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత లేచి, నడుం పట్టుకుని, సెలవు ఎన్నిరోజులు మిగిలిందో చూడడానికి కంప్యూటర్ దగ్గరికి నడిచాను.